సైనస్‌లో ఎముక గడ్డ: సీటీ మేలా, ఎమ్మారై మేలా?

సైనస్‌లో, అంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదిలో, ఎముక గడ్డ ఉందేమో చూడాలని డాక్టర్ అనగానే చాలామంది అడిగేది ఒకటే: “ఎమ్మారై తీయిస్తే సరిపోదా, అదే పెద్ద పరీక్ష కదా?” ఈ ఒక్క విషయంలో మాత్రం ముందు సీటీయే.

సైనస్‌లలో ఎక్కువగా కనిపించే, క్యాన్సర్ కాని ఎముక గడ్డ ఆస్టియోమా. నుదుటి సైనస్‌లోనే ఎక్కువ. ఏనుగు దంతంలా గట్టిగా ఉండే రకమూ ఉంది. ఎమ్మారై బొమ్మ ఒంట్లోని నీరు, కొవ్వు ఇచ్చే సంకేతాలతో తయారవుతుంది. గట్టి ఎముక ఆ సంకేతం దాదాపు ఇవ్వదు కాబట్టి నల్లగా పడుతుంది. పక్కన సైనస్‌లోని గాలీ నలుపే. నలుపులో నలుపు కలిసిపోయి, గడ్డ ఉన్నా సైనస్ ఖాళీగా ఉన్నట్టే అనిపించవచ్చు! అదే గడ్డ సీటీలో సుద్దముక్కలా తెల్లగా మెరుస్తుంది. ఎక్కడ అంటుకుని ఉంది, సైనస్ నుంచి ముక్కులోకి దిగే దారిని మూసేసిందా, కంటి వైపు గోడను నెట్టిందా, అన్నీ తెలుస్తాయి. మామూలు ఎక్స్-రేలో గడ్డ ఉందని తెలియొచ్చు, ఇంత వివరం రాదు.

మామూలు ఎముక స్థానంలో నారలాంటి కణజాలం పెరిగే ఫైబ్రస్ డిస్‌ప్లేసియా అనే ఇంకో జబ్బులో ఆ భాగం సీటీలో మసక గాజులా కనిపిస్తుంది, దాని అంచు మామూలు ఎముకలో కలిసిపోతుంది. ఆసిఫైయింగ్ ఫైబ్రోమా అనే, క్యాన్సర్ కాని మరో ఎముక గడ్డకైతే అంచు స్పష్టంగా గీత గీసినట్టుంటుంది. ఫైబ్రస్ డిస్‌ప్లేసియాను ఎమ్మారైలో మాత్రమే చూస్తే ఒక్కోసారి క్యాన్సర్‌లా కనిపించి, ఇంటిల్లిపాదికీ అక్కర్లేని టెన్షన్.

అలాగని ఎమ్మారై దండగ కాదు. కన్ను ముందుకు పొడుచుకొచ్చినా, గడ్డ వెనక చీము, జిగురు నిండినట్టున్నా, మెదడు వైపు పాకిందన్న అనుమానమున్నా అదే కావాలి. సీటీకి రేడియేషన్ ఉంటుంది కాబట్టి పిల్లల విషయంలో మళ్లీ మళ్లీ తీయించే ముందు ఆలోచించాలి.

బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం, మాటేమిటి? సీటీలో ఆస్టియోమా అని స్పష్టంగా ఉంటే సాధారణంగా అక్కర్లేదు. ఫైబ్రస్ డిస్‌ప్లేసియా, ఆసిఫైయింగ్ ఫైబ్రోమా మైక్రోస్కోప్ కింద ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి, స్కాన్ చూడకుండా ముక్క మాత్రమే చూసి చెప్పిన మాటను నేను నమ్మను. పుర్రె, దవడ ఎముకల్లో ఆస్టియోమాలు చాలా ఉంటే గార్డ్‌నర్ సిండ్రోమ్ (పెద్దపేగులో పాలిప్స్ అనే కండ పెరుగుదలలు వచ్చే వంశపారంపర్య జబ్బు) అనుమానించి పెద్దపేగునూ చూపించుకోవాలి.

ఈ ఎముక గడ్డలు సాధారణంగా చాలా నెమ్మదిగా పెరుగుతాయి. పెరిగిందో లేదో తేల్చేది పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి చూడటమే. అందుకే మొదటి సీటీ సీడీ పారేయకండి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు.