బెర్న్‌స్టైన్ మాలర్ తొమ్మిది: బెర్లినా, ఆమ్‌స్టర్‌డామా?

ఆస్ట్రియా స్వరకర్త మాలర్ తొమ్మిదో సింఫనీ (పెద్ద వాద్యబృందం వాయించే నాలుగు భాగాల కృతి) అమెరికన్ కండక్టర్ బెర్న్‌స్టైన్ చేతిలో వినాలంటే బెర్లిన్ రికార్డింగు కొనాలా, ఆమ్‌స్టర్‌డామ్‌దా అని చాలామంది అడుగుతూనే ఉన్నారు. రెండూ దాదాపు ఆయన చివరి పదకొండేళ్లలోవే, రెండూ జనం ముందు వాయించినవే. నన్నడిగితే ఆమ్‌స్టర్‌డామ్.

బెర్లిన్‌కి ఉన్న పేరు ఊరికే రాలేదు. 1979 అక్టోబరులో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ సహాయార్థం జరిగిన కచేరీ అది. బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందాన్ని బెర్న్‌స్టైన్ నడిపింది జీవితంలో ఆ ఒక్కసారే. ఒకరికొకరు కొత్త కావడంతో మొదటి భాగమంతా ఎక్కడ తెగుతుందో అన్నంత బిగువుగా సాగుతుంది. రెండో భాగంలోని పల్లె నాట్యం కూడా అక్కడే చురుకు. ఆమ్‌స్టర్‌డామ్‌లో దానికి కాళ్లు బరువెక్కాయి, ఒప్పుకోవాలి.

కానీ ఈ సింఫనీ తేలేది చివరి భాగమైన అడాజియోలో (నిదానపు నడక). బెర్లిన్‌లో అది దాదాపు 26 నిమిషాలు, 1985లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని కాన్సర్ట్‌హెబౌ ఆర్కెస్ట్రాతో 30కి దగ్గర. చౌకకాలంలో కృతి పాడేటప్పుడు గాయకుడి ఊపిరి ఎంతో తెలిసిపోయినట్టు, ఇంత నెమ్మదిలో వాద్యబృందం సత్తా దాగదు. బెర్లిన్‌లో సరిగ్గా శిఖరం దగ్గర ట్రాంబోన్లు (మంద్రంగా మోగే ఇత్తడి బాకాలు) అందుకోలేదు. పైన వయొలిన్లు ప్రాణం పెట్టి వాయిస్తుంటే కింద నేల లేదు. ఆ ఖాళీలోనే ఒక భయం ఉందని మెచ్చుకునేవాళ్లున్నారు. నా చెవికి మాత్రం అంతసేపూ కట్టుకుంటూ వచ్చింది అక్కడ కూలిపోయింది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ శిఖరం నిండుగా నిలుస్తుంది. ఆ తర్వాత చివరి పుట: తంత్రీ వాద్యాలు మాత్రమే, అవీ మ్యూట్లు (ధ్వనిని అణిచే బిళ్లలు) పెట్టుకుని. స్వరానికీ స్వరానికీ మధ్య నిశ్శబ్దం పెరిగిపోతున్నా రాగం తెగదు. నాదం సన్నబడుతుందే తప్ప పలచబడదు. వయోలాల (వయొలిన్ కంటే కాస్త పెద్దవి) ఆఖరి కదలిక దాకా కమాను ఒత్తిడి చెవికి అందుతూనే ఉంటుంది. మాలరే స్వయంగా 1903 నుంచి వచ్చి తన సింఫనీలు నడిపిన ఆర్కెస్ట్రా ఇది. ఆ తరంవాళ్లెవరూ 1985లో లేరు గానీ, యుద్ధకాలపు నాజీ నిషేధం తప్పిస్తే ఈ సంగీతం అక్కడ అటకెక్కలేదు.

డబ్బు ఒక్కదానికే ఉంటే ఆమ్‌స్టర్‌డామ్ కొనండి, బెర్లిన్‌ది తర్వాత ఎప్పుడైనా చేరుతుంది. 1965 న్యూయార్క్ రికార్డింగు బాగానే ఉంటుంది, అడాజియో 23 నిమిషాల్లో ముగుస్తుంది. బెర్న్‌స్టైన్ తొలి మాలర్ సింఫనీల సెట్టు కొంటే ఎలాగూ వస్తుంది. వియన్నా ఫిల్‌హార్మోనిక్‌తో తీసిన వీడియో ఆయన్ని చూడాలనుకునేవాళ్లకి.