సాగే బూజు కర్ర: రెండేళ్ల వాడకం తర్వాత

బెంగళూరులో 30x40 అడుగుల సైటులో కట్టిన రెండంతస్తుల ఇంటికి రెండేళ్లుగా వాడుతున్న అల్యూమినియం కర్ర ఇది. మూస్తే 4 అడుగులు, పూర్తిగా లాగితే 10. బూజుకు బ్రహ్మాండం. సాలీడు గుడ్ల సంచులకు మాత్రం కొన్నది కొన్నట్టు వాడితే చాలదు.

దులిపితే బూజు రాలుతుంది గానీ గుడ్ల సంచి రాలదు. సజ్జ కింది మూలల్లో, కిటికీ గ్రిల్లు వెనక, మీటరు పెట్టె మూత లోపల పట్టుదారాలతో అతుక్కుని ఉంటుంది. మెత్తటి నైలాన్ కుచ్చు దాని మీంచి జారిపోతుంది. గట్టిగా కొడితే సంచి చిరిగి, లోపలి గసగసాలంత గుడ్లో, అప్పటికే బయటపడబోతున్న పిల్లలో గోడంతా చెదురుతాయి. ఆ పిల్లలు దారం పట్టుకుని గాలికి పక్క కిటికీ చేరతాయి.

కొట్టకూడదు, తిప్పాలి. కుచ్చును సంచి పక్కన ఆనించి నాలుగైదు చుట్లు తిప్పితే చుట్టూ ఉన్న దారం కుచ్చుకు చుట్టుకుని సంచినీ లాక్కొస్తుంది. కుచ్చు మర బిగిసే వైపే తిప్పండి, ఎదురు తిప్పితే అది ఊడి నెత్తిన పడుతుంది. కళ్లద్దాలు, టోపీ తప్పనిసరి.

గోడకు చదునుగా అంటుకున్న తెల్లటి సంచులకు కుచ్చు పనికిరాదు. పెయింటర్లు వాడే 2 అంగుళాల పుట్టీ బ్లేడును రెండు కేబుల్ టైలతో కర్ర కొసకు బిగించాను. అంచును గోడ మీద దాదాపు పడుకోబెట్టి తోయాలి. నిలబెట్టి గీకితే పెయింటు లేస్తుంది.

పక్కన బకెట్లో 5 లీటర్ల నీళ్లు, రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ ఉండాలి. నాలుగు సంచులు తీయగానే కుచ్చును అందులో ముంచండి, గోడకేసి విదల్చొద్దు. ఉత్త నీళ్లు పట్టు మీద జారిపోతాయి, సబ్బు ఉంటేనే లోపలికి ఇంకుతాయి. పురుగుల మందు స్ప్రేకి డబ్బు తగలెయ్యకండి. ఆ పట్టు పొర మందును సరిగా లోపలికి పోనివ్వదు, తల్లి చచ్చినా గుడ్లు పిల్లలవుతాయి.

కర్రలో లోపాలూ ఉన్నాయి. లాకులో దుమ్ము, సబ్బునీళ్లు చేరితే గొట్టం జారుతుంది, ప్రతిసారీ తుడిచి ఆరబెట్టాలి. ఎండలో వదిలేస్తే కుచ్చు పెళుసెక్కుతుంది. ఇళ్ల మధ్య మూడడుగుల సందులో 10 అడుగుల కర్రను వంచే చోటుండదు, అక్కడ డాబా మీంచి కిందికి దించి చేయడమే నయం. కరెంటు తీగలు దగ్గరగా పోయే వైపు మాత్రం ఈ కర్ర ఎత్తనే వద్దు. అల్యూమినియం, ప్రాణాలు పోతాయి.

వానాకాలంలో రెండు వారాలకోసారి చేస్తే సంచులు పగిలేలోపే చాలావరకు దొరుకుతాయి. గేటు దగ్గరి తెల్ల బల్బు తీసి పసుపు వెలుగుది పెట్టాక పురుగులు తగ్గాయి, ఆ మూలలో సంచులూ తగ్గాయి.