ఉప్పునీటి చేపకు తెల్లచుక్కలు: రాగి మందా, ఉప్పు తగ్గించడమా?

క్లౌన్ చేప రెక్కల మీద రవ్వంత తెల్లచుక్కలు కనపడి, అది రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటోందంటే చాలావరకు క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవే. ఏ వైద్యమైనా వేరే ట్యాంకులోనే చేయాలి, పగడాలు, రొయ్యలు ఈ రెండు వైద్యాల్లో దేన్నీ తట్టుకోలేవు.

ఖర్చు: రాగికి మందు, కొలిచే కిట్టు రెండూ కొనాలి, మన మహబూబ్‌నగర్, నల్గొండల్లో దొరక్కపోతే హైదరాబాద్ నుంచి తెప్పించుకోవాలి. ఉప్పు తగ్గించడానికి మందే అక్కర్లేదు, నీటిలో ఉప్పు సాంద్రత కొలిచే మంచి రిఫ్రాక్టోమీటర్ ఉంటే చాలు. నీళ్లు మాత్రం దేనికైనా ఆర్వోవే, నల్గొండ బోరు నీళ్ల సంగతి తెలిసిందేగా.

శ్రమ: రాగిని రోజూ కొలవాలి, ట్యాంకులో సున్నపు రాళ్లుంటే అవే పీల్చేసుకుంటాయి. ఉప్పును రెండు రోజుల్లో మెల్లగా 1.009 సాంద్రతకు దించి, చుక్కలు పోయాక కూడా నెల దాకా అక్కడే పట్టి ఉంచాలి. మే ఎండలకు నీరు ఆవిరై సాంద్రత 1.012 దాటిందా, పడ్డ కష్టమంతా వృథా!

రిస్కు: మామూలు రాగి లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మధ్యే ఉండాలి, తగ్గితే జబ్బు పోదు, పెరిగితే చేప తిండి మానేస్తుంది. కీలేటెడ్ రాగి (వేరే పదార్థంతో బంధించిన రాగి) లెక్క వేరు, సీసా మీద చూడండి. ఉప్పు తగ్గిస్తే పీహెచ్ పడిపోతుంది, కొన్ని రకాల క్రిప్టోకారియాన్ ఉప్పు తగ్గించినా లొంగదు కూడా. రెండూ కలిపి మాత్రం చేయొద్దు.

బంగారు పొడి చల్లినట్టుండి చేప ఆయాసపడుతుంటే అది వెల్వెట్ అనే మరో పరాన్నజీవి జబ్బు, ఆలోచించకుండా రాగికే వెళ్లండి. చుక్కలు మాత్రమే ఉండి, చేప బాగా తింటూ, సాంద్రతను రోజూ కొలిచే ఓపిక మీకుంటే ఉప్పు తగ్గించడమే నయం. ఈలోపు పెద్ద ట్యాంకులోని పరాన్నజీవి చేప దొరక్క చచ్చిపోయేలా, దాన్ని 76 రోజులు చేపల్లేకుండా ఉంచండి.