పాత ఫ్లాట్‌లో ‘ఓపెన్ హాల్’ చేసిస్తామంటే జాగ్రత్త

హైదరాబాద్‌లో 1960, 70ల నాటి రెండు మూడంతస్తుల ఫ్లాటు కొన్నవాళ్ళకి ఇంటీరియర్ వాళ్ళు చెప్పే మాట ఒకటే: “హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేద్దాం సార్, ఇల్లు విశాలంగా ఉంటుంది, రెండు రోజుల పని.” కొటేషన్ కూడా అక్కడికక్కడే రాసిచ్చేస్తారు. అందులో స్ట్రక్చరల్ ఇంజనీరు ఫీజు, జాకీలు (పని అయ్యేదాకా స్లాబును మోసే ఇనుప ఊతలు), ఇనుప బీము కనపడకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.

ఆ కాలపు ఇళ్ళు చాలావరకు పిల్లర్ల మీద కాదు, గోడల మీదే నిలబడ్డాయి. నడిమి గోడ ఉందన్న లెక్కతోనే స్లాబులో కడ్డీలు వేశారు: గోడ నెత్తిన పైవైపు, గదుల నడుమ కిందివైపు. గోడ తీసేస్తే అక్కడ లాగుడంతా స్లాబు అడుగుకి మారుతుంది, అక్కడ సరిపడా కడ్డీ ఉండదు. పదేసి అడుగుల గదులు రెండూ కలిసి ఇరవై అయితే స్లాబును వంచే బలం నాలుగు రెట్లు అవుతుంది. పైఫ్లాటు గోడ కూడా సరిగ్గా దాని మీదే ఉంటే మరీ ప్రమాదం. పదడుగుల ఎత్తున్న తొమ్మిదంగుళాల ఇటుక గోడ, అడుగు పొడవుకే సుమారు 400 కిలోలు.

కొట్టిన రోజు ఏమీ కాకపోవచ్చు. కొన్నాళ్ళకి పైవాళ్ళ తలుపు బిగుసుకుంటుంది, స్లాబు అడుగున చీలిక వస్తుంది. ఈలోగా ఫాల్స్ సీలింగ్ కొట్టేసి ఉంటారు, అది మీ కంట పడదు.

టేపుతో దర్వాజా దగ్గర గోడ మందం కొలవండి. ప్లాస్టరింగుతో కలిపి తొమ్మిదిన్నర, పది అంగుళాలుంటే అది బరువు మోసే గోడేనని అనుకోవాలి. ఐదంగుళాలే ఉన్నా అది బరువు మోయదని నమ్మకం లేదు. గోడా స్లాబూ కలిసేచోట అడుగు మేర ప్లాస్టరింగు గీకించండి. ఇటుక నేరుగా స్లాబుకి తగులుతుంటే పైన బీము లేనట్టే, స్లాబు గోడ మీదే ఆని ఉండొచ్చు.

మొత్తం తీయకుండా రెండు పక్కలా గోడ ఉంచి ఆరడుగుల సందు తీసుకుంటే చాలామందికి సరిపోతుంది. దానికీ పద్ధతుంది. మొదట గోడకి రెండువైపులా స్లాబు కింద జాకీలు. తర్వాత గోడ మందంలో సగం వరకే గాడి కొట్టి ఒక ఇనుప ఛానెల్ (‘C’ ఆకారపు బీము) పెట్టి, ముడుచుకోని గ్రౌటుతో, అంటే ఆరినా కుంచించుకుపోని సిమెంటు మిశ్రమంతో బిగించాలి. అది గట్టిపడ్డాకే రెండోవైపు గాడి, రెండో ఛానెల్, రెంటినీ కలుపుతూ బోల్టులు. ఆ తర్వాతే కింది ఇటుక తీయాలి. ఛానెల్ సైజు తేల్చాల్సింది ఇంజనీరు, మేస్త్రీ కాదు.

కొటేషన్లో రాయని ఖర్చులు ఇంకొన్ని: గోడ పోయినచోట పది అంగుళాల పట్టీలా ఫ్లోరింగు ఖాళీ అవుతుంది, పాత మొజాయిక్‌తో కలిసే రాయి దొరకదు. సింకు పన్నెండడుగులు జరిపితే నలభైకి ఒకటి వాలు చొప్పున పైపుకి మూడున్నర అంగుళాలకు పైగా దింపు కావాలి. చెత్త దింపే కూలీ కూడా వేరే.

జాకీలు తీసి, స్లాబు అడుగు ఇంజనీరు చూసి సంతకం పెట్టేదాకా ఫాల్స్ సీలింగ్ మొదలుపెట్టనివ్వకండి, చివరి వాయిదా ఇవ్వకండి.