పూల లోయ ట్రెక్: లోయకి రెండు రోజులు పెట్టుకోండి

ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలోని పూల లోయని జూన్ 1 నుంచి అక్టోబరు 31 దాకా తెరిచే ఉంచుతారు. పూల కోసమే అయితే జులై సగం నుంచి ఆగస్టు సగం లోపు వెళ్లాలి. అవి గట్టి వానల రోజులు కూడా. రిషికేశ్ నుంచి వచ్చే రోడ్డు మీద కొండచరియలు పడి బండ్లు ఆగిపోతుంటాయి. తిరుగు టికెట్‌కి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి.

గోవింద్‌ఘాట్ నుంచి పులనా దాకా జీపులున్నాయి. అక్కణ్ణుంచి ఘాంఘరియాకి సుమారు 10 కి.మీ. నడక. రాళ్లు పరిచిన దారే, కానీ వానకి గుర్రాల పేడ కలిసి బాగా జారుతుంది. లోయలో గుడారాలు వేయనివ్వరు కాబట్టి బస ఘాంఘరియాలోనే. నగదు దగ్గరుంచుకోండి, సిగ్నల్‌ని నమ్ముకోలేం.

చాలామంది పొరపడేది టైము దగ్గరే. ఘాంఘరియా నుంచి లోయకి వెళ్లే దారిలో పుష్పావతి నది వంతెన దాటగానే నిట్టనిలువు ఎక్కుడు. పూల మైదానం మొదలయ్యేసరికే రెండు గంటలు పడుతుంది. సాయంత్రం 5 కల్లా లోయ గేటు బయట ఉండాలి. తొమ్మిది దాటాక బయల్దేరినవాళ్లు మొదటి వాలు చూసి వెనక్కి తిరగాల్సిందే. మధ్యాహ్నానికి మబ్బు దిగితే అదీ కనపడదు. అందుకే పొద్దున్నే గేటు తీసే వేళకి వెళ్లండి, రెండో రోజు కూడా పెట్టుకోండి. మొక్కలు సేకరిస్తూ 1939లో ఇక్కడే జారిపడి చనిపోయిన బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త జోన్ లెగ్ సమాధి దాకా, ఆపైన నది ఒడ్డు దాకా నడిస్తేనే లోయ చూసినట్టు.

నీలి గసగసాల పువ్వు కావాలంటే గడ్డిలో కాదు, బండల సందుల్లో చూడండి: కాడ నిండా ముళ్లు, సిల్కులాంటి పల్చని నీలి రేకులు, మధ్యలో పసుపు కేసరాలు. బ్రహ్మకమలం ఘాంఘరియా నుంచి హేమకుండ్ గురుద్వారాకి ఎక్కే దారిలో, బాగా పైన. మన ఇళ్లలో కుండీల్లో రాత్రిపూట పూసేది వేరే మొక్క. లోయలో బాధ పెట్టేది పాలిగోనమ్ అనే కలుపు మొక్క. మనిషెత్తు పెరిగి చిన్న మొక్కలకి వెలుతురు అందనివ్వదు. అటవీశాఖ పీకిస్తున్నా మళ్లీ మొలుస్తోంది.

పోంచో (తల మీంచి వేసుకునే వదులు వానకోటు) వద్దు. దిగేటప్పుడు దాని అంచు అడ్డొచ్చి కాలు ఎక్కడ పెడుతున్నామో కనపడదు. రెయిన్‌కోటు, వాన ప్యాంటు, బ్యాగుకి కవరు మేలు. అడుగు అరిగిన బూట్లతో తడి బండల మీద నిలబడలేరు. లోయలోకి గుర్రాలని రానివ్వరు. నడవలేని పెద్దవాళ్లని వీపు బుట్టలో మోసే కూలీలతో ఘాంఘరియాలోనే బేరం కుదుర్చుకోవాలి.