మొక్కలు కొనేవాళ్లూ, గులకరాళ్లు తీయించి చూశాకే డబ్బులివ్వండి

బెంగళూరులో మారతహళ్లి వైపు ఉండే తెలుగువాళ్లందరికీ ఈ పోస్టు. సర్వీస్ రోడ్డు మీద, ముందువైపు తెల్ల కుండీలు వరసగా పేర్చి పెట్టే నర్సరీ. పేరు రాయను, మళ్లీ అదో గొడవ. మీలో సగం మంది అక్కడే కొనుంటారు.

ఇంట్లో పెంచుకునే పీస్ లిల్లీ మొక్క తీసుకున్నాను. పింగాణీ కుండీతో కలిపి 1,450 రూపాయలు. పైన తెల్ల గులకరాళ్లు పరిచి భలే ముస్తాబు చేసి ఇచ్చాడు. పది రోజుల్లో ఏమైనా అయితే మార్చి ఇస్తామన్నాడు. తెలుగులో మాట్లాడాడు కదా, మనవాడే అనుకున్నాను. చూడండి నా తెలివి.

వారం తిరక్కుండానే కింది ఆకులు పసుపెక్కాయి. తర్వాత మొక్క మొత్తం వాలిపోయింది. పీస్ లిల్లీకి దాహమేస్తే వాలడం, నీళ్లు పోస్తే కొన్ని గంటల్లో లేచి నిలబడటం మామూలే. అందుకని పోశాను. ఇంకా వాలింది. ఫోటో పంపితే వాట్సాప్‌లో జవాబు: "నీళ్లు చాలట్లేదు మేడమ్, రోజూ రెండు గ్లాసులు పోయండి."

పోశాను. ఇక లాభం లేదని కుండీని ఆటోలో పెట్టుకుని వెళ్లాను. మొక్క వైపు ఒక్కసారైనా చూడలేదు మహానుభావుడు. పక్కన ఇద్దరు ముగ్గురు బేరమాడుతుంటే వాళ్లకి వినబడేలా అన్నాడు: "కొంతమంది చేత్తో మొక్కలు బతకవు మేడమ్. మీ చెయ్యి మంచిది కాదేమో. ప్లాస్టిక్‌వి కూడా ఉన్నాయి, చూపించమంటారా?" పక్కనున్నావిడ నవ్వింది. మరి మార్చి ఇస్తానన్న మాటో? "అది మొక్కలో లోపం ఉంటేనండీ." పైగా టానిక్ సీసా ఒకటి చేతిలో పెట్టబోయాడు, 250 అట. నా చేత్తో నాటిన కరివేపాకు బాల్కనీలో నా ఎత్తు పెరిగింది, అది ఏ చెయ్యో మరి!

ఇంటికొచ్చి ఆ కోపంలోనే బాల్కనీలో పేపరు పరిచి కుండీ బోర్లించాను. గులకరాళ్లు రాలాయి. వాటి వెనకే మొక్క, నర్సరీ నల్ల పాలిథిన్ సంచితో సహా జారి వచ్చింది. సంచి కూడా విప్పకుండా కుండీలో దించి, పైన రాళ్లు పోసేశాడన్నమాట! సంచి కింద ఎత్తు కోసం థర్మాకోల్ ముక్కలు. వాటితో పాటే, అడుగున నిలిచిపోయిన నేను పోసిన నీళ్లన్నీ బయటికొచ్చాయి, మురుగు కంపు కొడుతూ. కుండీకి చిల్లు లేదు. వేళ్లు గోధుమరంగులోకి తిరిగి, పట్టుకుంటే పై తొక్క జారిపోయి లోపల దారంలా మిగులుతున్నాయి. బాగున్న వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది.

వేళ్లకి నీళ్లతో పాటు గాలి కూడా కావాలి. నీళ్లు నిలిచిపోతే గాలాడక కుళ్లిపోతాయి. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు, కాబట్టి మట్టి తడిగా ఉన్నా ఆకులు ఎండకి మాడినట్టే వాలతాయి. పైనుంచి చూస్తే దాహమేసిన మొక్కకీ, మునిగిపోయిన మొక్కకీ తేడా తెలియదు. వేలు పెట్టి చూద్దామంటే రాళ్లు అడ్డం. మన అపార్ట్‌మెంట్లలో హాల్లోకి వెలుగు అంతంతమాత్రం, మట్టి ఆరేదే ఆలస్యం. అందులో రోజూ రెండు గ్లాసులు పోయమన్న సలహా ఒకటి. మొక్కలమ్ముకుని బతికేవాడికి ఇది తెలియదంటే నేను నమ్మను.

1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు పెడదామంటే బిల్లు లేదు. యూపీఐలో కొట్టింది కూడా ఎవరిదో సొంత నంబరుకి.

కొనేవాళ్లు రాళ్లు తీయించండి, కుండీ ఎత్తి అడుగున చిల్లుందో లేదో చూడండి, సంచి మీ ముందే విప్పమనండి. కాదంటే వచ్చేయండి, సిద్ధాపుర వైపు వెళ్తే వరసగా నర్సరీలే. ఇప్పటికే కొన్నవాళ్లు ఇవాళే గులకరాళ్లు పక్కకి తోసి రెండు అంగుళాల లోతు వేలు పెట్టి చూడండి. తడిగా ఉంటే నీళ్లు ఆపేయండి. వాసన వస్తుంటే మొక్కని బయటికి తీసి, మెత్తబడ్డ వేళ్లు కత్తిరించి, చిల్లున్న కుండీలో కొత్త మట్టిలో పెట్టండి. నాది కూడా అలాగే పెట్టాను, బతుకుతుందో లేదో చూడాలి. బిల్లు మాత్రం తప్పకుండా అడగండి.