హైడీపీఐ స్క్రీన్ మీద లినక్స్: 200 శాతంలో హాయి, 150 దగ్గర తలనొప్పి

ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. పిక్సెళ్లు బాగా చిక్కగా ఉన్న (హైడీపీఐ అంటే అదే) లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుని, స్కేలింగ్, అంటే స్క్రీన్ మీద అన్నిటినీ ఎంత పెద్దగా చూపించాలన్న శాతం, 125, 150, 175 లాంటి మధ్య అంకెల్లో పెట్టుకోవాలంటే కేడీఈ ప్లాస్మా 6 అనే డెస్క్‌టాప్ తప్ప వేరేదానికి నేను ఓటు వేయను. సరిగ్గా 200 శాతం మీ కంటికి సరిపోతే మాత్రం లినక్స్‌లో ఏ డెస్క్‌టాప్ అయినా ఫర్వాలేదు, గ్నోమ్ బాగుంటుంది, మింట్ కూడా బాగుంటుంది. గొడవంతా ఒకటికీ రెండుకీ మధ్యలోనే.

నా దగ్గరున్నది 14 అంగుళాల లాప్‌టాప్, 2880 బై 1800 స్క్రీన్, అంటే అంగుళానికి దాదాపు 243 పిక్సెళ్లు. పక్కన 24 అంగుళాల మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్, దానికి అంగుళానికి 92. పని సగం కోడ్, సగం తెలుగు మేటర్ దిద్దడం, ఈ రెండో దానివల్లే అక్షరం పదును గురించి ఇంత పట్టింపు. లాప్‌టాప్‌ని 100 శాతంలో ఉంచితే మెనూలు కనపడక ముక్కు స్క్రీన్‌కి ఆనించాలి. 200 పెడితే అన్నీ చక్కగా కనిపిస్తాయి గానీ పనికొచ్చే జాగా 1440 బై 900 అయిపోతుంది, రెండు ఫైళ్లు పక్కపక్కన తెరిస్తే ఇరుకు. 150 పెడితే 1920 బై 1200 జాగా వస్తుంది, నాకు కావాల్సింది అదే, చాలామందికి కావాల్సిందీ అదే అనుకుంటా.

ముందు గ్నోమ్ సంగతి. గ్నోమ్ డెస్క్‌టాప్‌తో వచ్చే ఉబుంటు 24.04లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిస్‌ప్లేస్ తెరిస్తే ఫ్రాక్షనల్ స్కేలింగ్ (మధ్య అంకెల స్కేలింగ్) అని ఒక స్విచ్ ఉంటుంది. బ్యాటరీ ఎక్కువ తినొచ్చు, వేగం తగ్గొచ్చు, పదును పోవచ్చు అని దాని కిందే వాళ్లే రాసి పెట్టారు, ఆ నిజాయితీకి మెచ్చుకోవాలి. 2019 మార్చిలో గ్నోమ్ 3.32తో ఇది ప్రయోగాత్మకంగా వచ్చింది, ఆ ప్రయోగం ఏళ్ల తరబడి సాగుతూనే వచ్చింది. ఆన్ చేసి 150 నొక్కితే జరిగేది ఏంటంటే, విండోలూ బటన్లూ గీసిపెట్టే జీటీకే 3 అనే టూల్‌కిట్‌తో రాసిన యాప్‌లకి పూర్ణాంకాల్లోనే గీయడం వచ్చు, ఒకటి లేదా రెండు లేదా మూడు, ఒకటిన్నర అన్న మాటే వాటికి అర్థం కాదు. అందుకని యాప్ తన విండోని రెండింతల్లో గీస్తుంది, గ్నోమ్ దాన్ని కుదించి స్క్రీన్ మీద పెడుతుంది. ఫుల్‌స్క్రీన్‌లో లిబ్రేఆఫీస్ తెరిచారనుకోండి, 3840 బై 2400లో గీసి 2880 బై 1800కి కుదించడం అన్నమాట, అంటే 52 లక్షల పిక్సెళ్లు చూపించడానికి 92 లక్షల పిక్సెళ్లు గీస్తున్నట్టు. మ్యాక్‌లో కూడా ఇలాంటి పద్ధతే ఉంది కాబట్టి దీన్ని మరీ తిట్టనక్కర్లేదు. 243 పిక్సెళ్ల స్క్రీన్ మీద ఈ కుదింపు వల్ల వచ్చే మెత్తదనం మామూలు కంటికి తెలియదు కూడా.

అసలు బాధ ఎక్స్‌వేలాండ్ యాప్‌లతో. విండోలని స్క్రీన్ మీదకి చేర్చే వ్యవస్థల్లో ఎక్స్ 11 పాతది, వేలాండ్ కొత్తది. పాత ఎక్స్ 11 కోసం రాసినవి వేలాండ్‌లో ఎక్స్‌వేలాండ్ అనే మధ్యవర్తి ద్వారా నడుస్తాయి. ఈ మోడ్‌లో అవి 100 శాతంలోనే గీస్తాయి, గ్నోమ్ ఆ బొమ్మని పట్టుకుని ఒకటిన్నర రెట్లు సాగదీస్తుంది. పెద్దది గీసి కుదిస్తే మెత్తబడుతుందంతే, చిన్నది గీసి సాగదీస్తే అలుక్కుపోతుంది, రెండింటికీ చాలా తేడా. ఆఫీసు వాళ్లు తప్పనిసరి చేసిన ఒక వీడియో కాల్ యాప్ ఉంది, పేరెందుకు లెండి, దాన్ని తెరిస్తే కళ్లజోడు తీసి చూస్తున్నట్టే ఉంటుంది, పక్కనే ఉన్న ఫైర్‌ఫాక్స్ మాత్రం అద్దంలా ఉంటుంది. ఎందుకంటే ఫైర్‌ఫాక్స్ 2023 డిసెంబర్‌లో వచ్చిన 121వ వెర్షన్ నుంచి నేరుగా వేలాండ్‌లోనే నడుస్తోంది.

ఇదే మోడ్‌లో ఇంకో చిక్కు, స్క్రీన్ రిజల్యూషన్ తప్పు చూపించడం. 150 శాతంలో ఉన్నప్పుడు ఏదైనా ఎక్స్ 11 గేమ్‌ని గానీ, రిజల్యూషన్ చెప్పే పాత టూల్‌ని గానీ అడిగితే ఈ స్క్రీన్ 1920 బై 1200 అంటుంది. గేమ్ ఆ మాట నమ్మి అంతే గీస్తుంది, మిగతాది సాగదీతే. అంత డబ్బు పెట్టి చిక్కటి స్క్రీన్ కొన్నది దీనికా అనిపిస్తుంది. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన గ్నోమ్ 47లో ఎక్స్‌వేలాండ్ యాప్‌లు అసలు సైజులోనే గీసుకునేలా ఒక సదుపాయం పెట్టారు, అదీ ప్రయోగాత్మకమే, దాన్ని ఆన్ చేయాలంటే టెర్మినల్‌లోకో, లోపలి సెట్టింగ్స్ మార్చే డీకాన్ఫ్ ఎడిటర్‌లోకో దిగాలి, సెట్టింగ్స్‌లో బటన్ పెట్టలేదు. ఆన్ చేస్తే మాత్రం తేడా బాగా తెలుస్తుంది. జీటీకే 4 వైపు కూడా పని జరిగింది, 2024 మార్చిలో వచ్చిన 4.14లో కొత్త రెండరర్లతో (బొమ్మ గీసే భాగాలతో) భిన్నాంకాల్లో నేరుగా గీయడం మొదలైంది. కాబట్టి ఫైల్స్, సెట్టింగ్స్ లాంటి గ్నోమ్ సొంత యాప్‌లు ఇప్పుడు పదునుగానే ఉన్నాయి. ఒకే స్క్రీన్ మీద మూడు రకాల పదును ఉండడమే చిరాకు.

ఇంగ్లీషు చదివేవాళ్లకి ఈ మసక కొంత సర్దుకుపోతుందేమో గానీ తెలుగుకి సర్దుకోదు. మన లిపిలో ద, ధ మధ్య తేడా కింద ఒక చిన్న గీత, ధ, థ మధ్య తేడా లోపల ఒక చుక్క. సాగదీసిన విండోలో 10 పాయింట్ నోటో సాన్స్ తెలుగులో ‘అర్థం’ అని రాసి చూడండి, ఆ చుక్క చుట్టూ ఉన్న బూడిద రంగులో కలిసిపోయి ‘అర్ధం’ లాగే ఉంటుంది. ప్రూఫ్ దిద్దేవాడికి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి! వత్తులైతే ఇంకా ఘోరం, ‘స్త్రీ’ కింద త వత్తూ ర వత్తూ కలిసి ఒకే ముద్ద. లోహిత్ తెలుగు ఫాంట్‌కి మార్చినా పెద్దగా ఒరిగేదేం లేదు, ఎందుకంటే లోపం ఫాంట్‌లో లేదు, ఫాంట్‌ని గీశాక ఆ బొమ్మకి చేసిన సాగదీతలో ఉంది. అందుకే ఫాంట్లు మార్చుకుంటూ కూర్చోవద్దు, ముందు ఆ విండో ఎక్స్‌వేలాండ్‌లో నడుస్తోందా అని చూడండి. గ్నోమ్‌లో ఆల్ట్, ఎఫ్2 నొక్కి, వచ్చిన డబ్బాలో ఎల్‌జీ అని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఒక పరికరం తెరుచుకుంటుంది, అందులో విండోస్ పేజీలో ఆ విండో పేరు మీద నొక్కితే అది ఎందులో నడుస్తుందో కనిపిస్తుంది.

గ్నోమే కావాలి, ఈ గోలంతా వద్దు అనేవాళ్లకి ఒక దారి ఉంది. స్కేల్‌ని 100లోనే ఉంచి, ట్వీక్స్ యాప్‌లో ఫాంట్ల స్కేలింగ్ ఫ్యాక్టర్‌ని 1.25కో 1.3కో పెంచండి. అక్షరాలు మాత్రమే పెరుగుతాయి, స్క్రీన్ అసలు పిక్సెళ్ల మీదే గీస్తుంది కాబట్టి ఎక్కడా మసక ఉండదు, బ్యాటరీ మీదా భారం పడదు. ఐకాన్లూ బటన్లూ కొంచెం చిన్నగా ఉండిపోతాయి, నా 243 పిక్సెళ్ల స్క్రీన్‌కి ఇది చాలదు గానీ 140 నుంచి 160 మధ్య ఉన్న లాప్‌టాప్‌లకి ఇదే మేలు.

లినక్స్ మింట్‌తో వచ్చే సినమన్ డెస్క్‌టాప్‌లో కథ వేరు. 2020లో వచ్చిన మింట్ 20 నుంచి అందులోనూ భిన్నాంకాల స్కేలింగ్ ఉంది, కానీ అది ఎక్స్ 11 మీద ఆధారపడ్డది. మొత్తం డెస్క్‌టాప్‌ని 200 శాతంలో గీసి, ఆ తర్వాత మొత్తంగా కుదిస్తుంది. కాబట్టి అన్ని యాప్‌లూ ఒకే రకంగా ఉంటాయి, గ్నోమ్‌లోలా ఒకటి పదును ఒకటి మసక అనే తేడా ఉండదు, ఇది నాకు నచ్చింది. కానీ నా లాప్‌టాప్‌లో 150 పెట్టి స్క్రీన్‌షాట్ తీస్తే బొమ్మ 3840 బై 2400 వచ్చింది! గ్నోమ్ ఏమో 1920 బై 1200 అంటుంది, ఇదేమో 3840 బై 2400 అంటుంది, స్క్రీన్ మాత్రం 2880 బై 1800. గ్రాఫిక్స్ చిప్ మీద భారం కూడా తెలుస్తుంది, వీడియో చూస్తుంటే ఫ్యాన్ తిరగడం మొదలవుతుంది. వేలాండ్ సెషన్‌ని 2024 జనవరిలో మింట్ 21.3తో ప్రయోగాత్మకంగా పెట్టారు, రోజువారీ పనికి నేనైతే దాన్ని నమ్ముకోను. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ పాత మెషిన్లకి మంచిదే గానీ దాని విండో స్కేలింగ్‌లో 1 లేదా 2 తప్ప మధ్యలో ఏదీ ఆశించకండి.

ఇక ప్లాస్మా. దీనికి ఎందుకు ఓటేశానంటే, గీసి కుదించడం కాకుండా, నీకు కావాల్సిన స్కేల్ ఇంత, ఆ లెక్కలోనే గీసుకో అని యాప్‌కి ముందే చెప్పేస్తుంది. ఇలా చెప్పడానికి వేలాండ్‌లో ఒక పద్ధతి 2022 నవంబర్‌లో ఖరారైంది, అందులో స్కేల్‌ని 120 భాగాల్లో కొలుస్తారు, 125 శాతం అంటే 150 భాగాలు, 150 శాతం అంటే 180, 175 అంటే 210, అన్నీ తెగే లెక్కలే. 2023 ఫిబ్రవరిలో ప్లాస్మా 5.27 దాన్ని అందుకుంది, 2024 ఫిబ్రవరిలో ప్లాస్మా 6 వేలాండ్‌నే డిఫాల్ట్ చేసింది. క్యూటీ 6 (జీటీకే లాంటిదే, కేడీఈ వాడే టూల్‌కిట్)తో రాసినవి 150 శాతంలో నేరుగా 150లోనే గీస్తాయి. కేట్ ఎడిటర్‌లో తెలుగు ఫైలు తెరిచి చూశాను, చుక్కలు చుక్కల్లా, వత్తులు వత్తుల్లా ఉన్నాయి.

ఎక్స్ 11 యాప్‌ల విషయంలో ప్లాస్మా నిర్ణయం మనకే వదిలేసింది, 5.26 నుంచే ఉంది ఇది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనే పాత యాప్‌లని సిస్టమ్ స్కేల్ చేయాలా, లేక వాటినే చేసుకోనివ్వాలా అని రెండు ఆప్షన్లు ఉంటాయి. రెండోది పెట్టుకోండి. స్కేలింగ్ తెలిసిన యాప్‌లు పదునుగా వస్తాయి, తెలియనివి చీమల్లా చిన్నగా వస్తాయి, ఆ చిన్నవి ఏవో చూసి వాటి సంగతి విడిగా చూసుకోవచ్చు. ఆ వీడియో కాల్ యాప్ కూడా ఇక్కడ చక్కగా కనిపించింది. లోపాలు లేవని కాదు. 125, 175లలో టెర్మినల్ బ్యాక్‌గ్రౌండ్‌లో వరుసల మధ్య సన్నటి గీతలు మెరుస్తుంటాయి, జీటీకే 3 యాప్‌లు ఇక్కడా రెండింతలు గీసి కుదించుకోవాల్సిందే, ఆ పరిమితి వాటి పుట్టుకలోనే ఉంది. సెట్టింగ్స్ మెనూలు మాత్రం అడవిలా ఉంటాయి, అలవాటు పడాలి. 5కి 4 ఇస్తాను, గ్నోమ్‌కి ఈ ఒక్క విషయంలో రెండున్నర.

రెండు మానిటర్లు ఉన్నవాళ్లు ఎక్స్ 11 ఆశ వదులుకోండి. అక్కడ మామూలుగా అన్ని స్క్రీన్లకీ కలిపి ఒకటే డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క). లాప్‌టాప్‌కి సరిపడా పెడితే 24 అంగుళాల మానిటర్ మీదకి లాగిన విండో పోస్టర్ అంత అవుతుంది, మానిటర్‌కి సరిపడా పెడితే లాప్‌టాప్‌లో ఏమీ కనపడదు. వేలాండ్‌లో ఒక్కో స్క్రీన్‌కి ఒక్కో స్కేల్, ప్లాస్మాలో లాప్‌టాప్ 150, మానిటర్ 100 పెట్టి నెలల తరబడి వాడుతున్నా, టెన్షన్ లేదు.

చిన్నాచితకా చిరాకులు ఎక్కడైనా ఉన్నాయి. కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే గ్రబ్ మెనూ భూతద్దం పెట్టి చదవాలి. లాగిన్ స్క్రీన్ మీరు డెస్క్‌టాప్‌లో పెట్టుకున్న స్కేల్‌ని పట్టించుకోదు, దానికి విడిగా చెప్పాలి. పాత ఎలక్ట్రాన్ (వెబ్ పేజీల పద్ధతిలో యాప్‌లు కట్టే సాధనం) మీద కట్టిన యాప్‌లకి లాంచర్‌లో వేలాండ్ వాడమని ఒక ఫ్లాగ్ ఇవ్వాలి. పాత జావా యాప్‌లకి యూఐ స్కేల్ ప్రాపర్టీని 2 చేయాలి, లేకపోతే బటన్లు ఆవగింజలే. ఫొటోలు దిద్దే గింప్ గురించి భయపడేవాళ్లకి మాత్రం మంచి వార్త, 2.10 దాకా జీటీకే 2 మీద ఉండేది, దానికి హైడీపీఐ అంటేనే తెలియదు, 2025 మార్చిలో 3.0తో జీటీకే 3కి వచ్చేసింది.

కొత్తగా లాప్‌టాప్ గానీ మానిటర్ గానీ కొనేవాళ్లు డెస్క్‌టాప్ ఏదా అని ఆలోచించే ముందు స్క్రీన్ లెక్క వేసుకోండి. 24 అంగుళాల 4కె మానిటర్ 200 శాతంలో సరిగ్గా 1920 బై 1080 జాగా ఇస్తుంది, ఏ డెస్క్‌టాప్ అయినా కుదించే పనే ఉండదు. 27 అంగుళాల 5కె కూడా అంతే, 200లో 2560 బై 1440, కాకపోతే ధర గుండె ఆపుతుంది. షాపులో ఎక్కువగా చూపించే 27 అంగుళాల 4కె మాత్రం 163 పిక్సెళ్లు, దానికి 150 పెట్టాలి, ప్లాస్మాతో అయితేనే తీసుకోండి. 14 అంగుళాల 1920 బై 1200 లాప్‌టాప్ కూడా దాదాపు అదే సాంద్రత, కానీ దాన్ని 125లో పెట్టి బ్యాటరీ తగలేసే బదులు 100లోనే ఉంచి అక్షరాలు పెంచుకుంటే ఏ డెస్క్‌టాప్ వేసినా నడిచిపోతుంది.